పాముల సారును మా పిల్ల అడిగిన ప్రశ్న

ఆన్‌లైన్ కార్యక్రమం అంటే మా హెడ్మాస్టరు గారికి ముందు గుర్తొచ్చేది ఫోటో. పిల్లలు డిజిటల్ బోర్డు వైపు చూస్తున్నట్టు ఒకటి, చేతులెత్తినట్టు ఒకటి, తాను నడుమ నిలబడి ఏదో వివరిస్తున్నట్టు ఒకటి తీయించుకున్నాక కరెంటు పోయినా ఆయనకు ఫికర్ లేదు. నాకేమో అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ బోర్డు నడిచేది నా సెల్‌ఫోన్ నెట్టు మీద, పిల్లల్ని కూడగట్టేది నేను, ఆ తర్వాత కుర్చీలు సర్దేది కూడా నేనే. దేవరకొండలో కిరాయి ఇంట్లో ఉంటూ, పక్క ఊళ్ళోని సర్కారు హైస్కూలుకు రోజూ ఆటోలో పోయి జీవశాస్త్రం చెప్పేదాన్ని. నా కోపం సంగతి ఆ ఆటో డ్రైవర్లకు కూడా తెలుసు.

అయినా ఆ కార్యక్రమాన్ని వదలబుద్ధి కాలేదు. ఎక్కడెక్కడో పరిశోధనలు చేసుకునే శాస్త్రవేత్తలు తీరిక చేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఉపన్యాసం ఇవ్వరు. పిల్లలు అడగాలి, వాళ్ళు చెప్పాలి, అంతే. అడగడమే మా పిల్లలకు రాదు. బడిలో ప్రశ్నలు అడిగేది మేము కదా, వాళ్ళ పనల్లా జవాబు అప్పజెప్పడం. మొదటిసారి నక్షత్రాల మీద పనిచేసే ఒకాయన వచ్చి "అడగండి పిల్లలూ" అంటే అందరూ తలలు వంచుకున్నారు. చివరికి ఒకడు లేచి, "సార్, అన్నం తిన్నరా?" అన్నాడు. ఆయన నవ్వి, తిన్నానని చెప్పి, ఏం కూరో కూడా చెప్పాడు. అప్పటి నుంచి పిల్లలకు ధైర్యం వచ్చింది.

ఒక్క పిల్లకు మాత్రం ఆ ధైర్యం పుట్టుకతోనే ఉంది. ఎనిమిదో తరగతి. రెండు జడలు, మోకాళ్ళ దాకా దుమ్ము, నోట్లో ఎప్పుడూ ఒక ప్రశ్న. జవాబు చెప్పేదాకా కొంగు వదలదు. "తర్వాత చెప్తా" అంటే ఆ తర్వాత ఎప్పుడని అడుగుతుంది. స్టాఫ్ రూములో దాన్ని చూస్తే మిగతా సార్లు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఈసారి వచ్చేది పాముల మీద పనిచేసే శాస్త్రవేత్త అని చెప్పగానే దాని ప్రశ్న తయారైంది.

"మేడం, పాముకు చెవులుంటయా?"

"ఆ సారునే అడుగు. నా ప్రాణం తియ్యకు."

అది నన్ను వదిలి ఊరి మీద పడింది. చెప్పులు కుట్టే తాతను అడిగింది, వంట చేసే అక్కను అడిగింది, వాళ్ళమ్మను రోజూ అడిగింది. వాళ్ళమ్మ ఒకనాడు బడి గేటు దగ్గర నాకు ఎదురై, "మీరన్న జెప్పుండ్రి మేడం, గీ పిల్ల నన్ను సంపుతాంది" అని నవ్వింది. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన మనిషి. నెత్తికి కట్టిన తువ్వాల మీద, కనుబొమల మీద కూడా పత్తి పీచు అంటుకుని ఉంది. పొడవాటి మనిషి, నవ్వితే ఊరంతా వినపడేది.

అవి పత్తి రోజులు. మా దిక్కు పత్తి ఏరడం మొదలైతే ఇళ్ళలో మనుషులకు జాగా ఉండదు. మంచి ధర వచ్చేదాకా పత్తిని అమ్మరు. దాచడానికి గోదాములెక్కడివి? ఇంట్లోనే కుప్ప పోస్తారు. ముందు ఒక అర్ర నిండుతుంది, తర్వాత రెండోది, ఆ తర్వాత నడిమిల్లు. మంచాలు వాకిట్లోకి వస్తాయి. మంచాలు చాలని వాళ్ళు కుప్ప పక్కనే నేల మీద బొంత పరుచుకుంటారు, పిల్లలైతే ఏకంగా కుప్ప మీదే పొర్లుతారు. పొద్దున లేస్తే ఒళ్ళంతా దురద, దద్దుర్లు. ఎవరూ పట్టించుకోరు. పత్తి అంటే దురద, అంతే. చేతి మీద ఎర్రగా ఏం కనపడ్డా అది పత్తి పనే. ఎలుకలు కూడా ఆ మెత్తటి కుప్పలోనే పిల్లలు పెడతాయి. ఎలుకల వెనక ఏం వస్తుందో ఆలోచించేంత తీరిక ఆ రోజుల్లో ఎవరికీ ఉండదు.

కార్యక్రమం రోజు పొద్దున ఆ పిల్ల ఆలస్యంగా వచ్చింది. నేను గయ్యిమన్నాను. "అమ్మకు పానం మంచిగ లేదు మేడం, నేనే వంట జేసి వచ్చిన" అంది. పాముల సారు కోసం రాకుండా ఉండలేకపోయానని కూడా అంది. సరే, పోయి వెనక కూర్చోమన్నాను. పదో తరగతి వాళ్ళు ముందు అడగాలి, ఎనిమిదో తరగతి వంతు చివర.

బోర్డు మీద పాముల సారు ప్రత్యక్షమయ్యాడు. సముద్రం దిక్కు మనిషి. "చెప్పండమ్మా, అడగండి బాబూ" అంటుంటే మా పిల్లలకు ఒకటే నవ్వు. ఇంత పెద్ద సారు మమ్మల్ని అండి అంటున్నాడేందని ఒకర్నొకరు పొడుచుకున్నారు. పాము పాలు తాగుతుందా అని ఒకడు అడిగాడు. తాగదన్నాడు. పగబడుతుందా? దానికి మీ ముఖం గుర్తుండదన్నాడు. నాగమణి? నేను ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, మీకు దొరికితే నాకూ చూపించండి అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. హెడ్మాస్టరు ఫోటోలు తీయించుకున్నాడు. నాకు కూడా చాలా రోజుల తర్వాత మనసు హాయిగా ఉంది.

అప్పుడు పదో తరగతి పిల్లవాడొకడు లేచాడు. "సార్, ఏ పాము కరిస్తే ఎక్కువ నొప్పి లేస్తది?"

"మంచి ప్రశ్న. కానీ నేను భయపడేది ఎక్కువ నొప్పి పెట్టే పాముకు కాదు బాబూ. అసలు నొప్పే పెట్టని పాముకు. కట్లపాము. రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవాళ్ళను కరుస్తుంది. సూదితో గుచ్చినంత కూడా ఉండదు. చాలాసార్లు గాటు కూడా కనపడదు. ఆ మనిషికి మెలకువ రాదు. తెల్లారి లేచాక..."

"కడుపునొస్తదా సార్?"

వెనక నుంచి. మా ప్రశ్నల పిల్ల. వంతు రాకముందే లేచి నిలబడింది. ముందు వరుస పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను కళ్ళెర్రజేశాను.

"అవునమ్మా, కడుపునొప్పే," అన్నాడు సారు, కొంచెం ఆశ్చర్యంగా. "ఎక్కడైనా చదివారా?"

"కండ్ల రెప్పలు లేవయా?"

సారు ముఖంలో నవ్వు పోయింది. "లేవవు. బరువుగా వాలిపోతాయి."

"చాయ తాగబోతే ముక్కుల నుంచి వస్తదా?"

సారు కుర్చీలో ముందుకు వంగాడు. "అమ్మా, ఎవరికి?"

"మా అమ్మకు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే సార్. ఇంటికాడ పండుకుంది."

నేను జీవశాస్త్రం టీచరును, కట్లపాము గురించి పరీక్షల్లో ప్రశ్నలిచ్చినదాన్ని, అయినా పిల్ల ముఖమే చూస్తూ ఉండిపోయాను. బోర్డు మీది మనిషే అరిచాడు. "టీచర్ గారూ! ఏం చూస్తున్నారు? పరుగెత్తండి! నడిపించకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మీ నంబరు నా దగ్గర ఉంది, నేను ఫోన్ చేస్తాను, ముందు పరుగెత్తండి!"

టేబుల్ మీది నా సెల్‌ఫోన్ గుంజుకున్నాను. నెట్టు పోయి బోర్డు నల్లబడింది. "మేడం, ఇంకా వందన సమర్పణ ఉంది!" అంటున్నాడు హెడ్మాస్టరు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిల్ల నాకంటే ముందే గేటు దాటింది.

ఇల్లు బడి వెనక వాడకట్టులోనే. గడప దాటగానే పత్తి. కప్పు దాకా తెల్లటి గోడలా కుప్ప. దాని మొదట్లో బొంత, బొంత మీద ఆమె. మొన్న గేటు దగ్గర ఊరంతా వినపడేట్టు నవ్విన మనిషి, నోటి పక్క నుంచి చొంగ కారుతూ, సగం మూసిన కళ్ళతో. వాళ్ళ అవ్వ పక్కన కూర్చుని కడుపుకు నూనె రాస్తోంది. ఆమె బావగారు, అంటే పిల్లకు పెద్దబాపు, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిల్ల బాపు ఊళ్ళో లేడు, పత్తి బండితో నల్గొండ పోయాడు.

"పాము కరిసింది, ఆటో పిలువుండ్రి!" అన్నాను.

పెద్దబాపు నన్ను ఎగాదిగా చూశాడు. "పామా? ఎవలు జూసిండ్రు? గాటేది?"

"గాటు కనపడదు!"

"గాటు లేంది పామెట్ల కరుస్తది మేడం? ఒంటి మీద ఉన్నదంత పత్తి దురద. రాత్రి సల్లటి బువ్వ తిన్నది, కడుపుల పట్టింది. వాము నీళ్ళు తాగితే తగ్గుతది."

ఆ మనిషి మూర్ఖుడు కాదు. పాము కరిచిందంటే మా దిక్కు ఎవరూ ఆలస్యం చేయరు. ఎద్దుల్ని వదిలేసి మనిషిని ఎత్తుకుని పరుగెత్తుతారు. కానీ దానికి గాటు కావాలి, నొప్పి కావాలి, పాము కావాలి. ఇక్కడ మూడూ లేవు. నేను అరుస్తూనే ఉన్నాను. అప్పుడే ఫోన్ మోగింది. పాముల సారు. స్పీకరు పెట్టాను. "ఆమెను నాలుక బయట పెట్టమనండి" అన్నాడు. అవ్వ చెవిలో చెప్పింది. నాలుక కదల్లేదు. పెదవులు కూడా కదల్లేదు. అవ్వ చేతిలోంచి నూనె గిన్నె పడిపోయింది. పెద్దబాపు తానే భుజాన వేసుకుని ఆటోలోకి చేర్చాడు.

అంబులెన్స్ దేవరకొండ నుంచి రావాలి, మళ్ళీ పోవాలి. ఎదురుగా ఉన్న ఆటోనే నయమనుకున్నాం. వెనక సీట్లో ఆమె తల నా ఒళ్ళో, కాళ్ళ దగ్గర పిల్ల. ముందర డ్రైవరు పక్కన పెద్దబాపు. ఫోన్ నా చెవికీ భుజానికీ మధ్య.

"వినండి టీచర్ గారూ," అన్నాడు సారు. "విషం కండరాలను పట్టేస్తుంది. ఊపిరి తీసే కండరాలు కూడా ఆగవచ్చు. ఆగితే మీరు నోటితో ఊదాలి, ఆసుపత్రి దాకా ఆపకూడదు. ఇంకొకటి. ఆమె కళ్ళు తెరవలేదు, వేలు కదపలేదు, చూసేవాళ్ళు పోయిందనే అనుకుంటారు. కానీ లోపల తెలివితోనే ఉండొచ్చు, అన్నీ వింటూ ఉండొచ్చు. మాట్లాడుతూ ఉండమనండి." ఆ తర్వాత గుట్టల మధ్య సిగ్నల్ పోయింది.

"అమ్మకు అన్నీ వినపడుతున్నయంట, సారు చెప్పిండు," అన్నాను పిల్లతో. "అమ్మతో మాట్లాడు."

ఏం మాట్లాడాలో దానికి తెలియలేదు పాపం. ఏడుపు మింగుతూ, తనకు వచ్చిందే అడిగింది. "అమ్మా, పాముకు చెవులుంటయానే?"

ఊరి పొలిమేర దాటి కొంచెం దూరం పోయామో లేదో, నా అరచేతి కింద ఆమె రొమ్ము కదలడం ఆగిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఏమీ లేదు. ఓరి దేవుడా! ఎప్పుడో శిక్షణలో బొమ్మ మీద చేసి చూపించిన పని, నవ్వుకుంటూ చేసిన పని, ఇప్పుడు కదిలే ఆటోలో, ప్రాణమున్న మనిషి మీద. ఆమె ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాను. రొమ్ము లేచింది. మళ్ళీ ఊదాను.

పెద్దబాపు వెనక్కి తిరిగి చూశాడు. చూసి, నెత్తి కొట్టుకున్నాడు. "అయిపాయె. పోయింది. మల్పు తమ్మీ, ఆటో మల్పు."

డ్రైవరు ఆటో ఆపేశాడు.

"ఊరి బయట పానం పోయిందని తెలిస్తే ఇంట్లకు రానియ్యరు," అంటున్నాడు పెద్దబాపు, ఏడుస్తూనే. "ఇంటి ముందల పండవెట్టే భాగ్యం గూడ లేకుంటైతది. దానికి గదన్న దక్కనియ్యి. మల్పు, నీ కాల్మొక్త."

మా దిక్కు ఆ ఆచారం ఉంది. పొలిమేర అవతల పోయిన మనిషిని ఊళ్ళోకి తేనివ్వరు, ఎంత గొప్పవాళ్ళనైనా బయటి నుంచి బయటికే తీసుకుపోతారు. ఆయన ఆమె మంచికే అంటున్నాడు, ఆ మాట నాకు కూడా అర్థమైంది. కానీ ఆటో తిరిగితే ఆమె నిజంగానే పోతుంది. అరిచి చెప్పాలి, కానీ నా నోరు ఆమె నోటి మీద ఉంది. తల ఎత్తితే ఊపిరి ఆగుతుంది. నేను నోరు లేనిదాన్నైపోయాను. జీవితంలో ఒక్కనాడు నా నోరు కావలసి వచ్చింది, ఆ ఒక్కనాడే లేదు.

మాట్లాడింది పిల్ల. "మల్పకు అన్నా! మా అమ్మ ఇంటాంది. సారు జెప్పిండు. పెద్దబాపూ, నువ్వు గట్ల అనకు, ఆమె ఇంటాంది! అమ్మా, పాముకు చెవులుంటయా? చెప్పమ్మా. చెవులుంటయా?"

డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూశాడు. ఒక పిల్ల చచ్చిన మనిషిని ప్రశ్నలు అడుగుతోంది, ఒక టీచరమ్మ చచ్చిన మనిషికి గాలి ఊదుతోంది. "పిల్ల అడుగుతాంది గదా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు, "ఏమో, ఇంటాందేమో." క్లచ్ వదిలాడు. ఆటో ముందుకే దూకింది.

దేవరకొండ దవాఖాన దాకా నేను తల ఎత్తలేదు. అది అడగడం ఆపలేదు. అదే ప్రశ్న. గొంతు బొంగురు పోయింది, అయినా అదే ప్రశ్న. వాకిట్లోనే స్ట్రెచర్ మీదికి తీసుకున్నారు. గొంతులోకి గొట్టం వేసి, సంచి నొక్కుతూ గాలి పంపారు, విషానికి మందెక్కించారు, నల్గొండ పెద్ద దవాఖానకు తరలించారు. డాక్టరమ్మ ఆమె చీలమండ దగ్గర టార్చి వేసి చాలాసేపు వెతికి, దోమ కుట్టినట్టున్న మచ్చలు చూపించింది. "పత్తి దురద అనుకున్నరా?" అంది. పెద్దబాపు తల ఊపాడు. నేను దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం వాళ్ళింట్లో పత్తి అంతా బయటికి లాగితే కుప్ప అడుగున, ఎలుక బొరియ పక్కన కట్లపాము చుట్టుకుని కనపడిందట.

ఆమె ఊపిరి మిషను మీద ఉన్నన్ని రోజులు పిల్ల బడికి రాలేదు. వాళ్ళ బాపుతో పాటు ఆ వార్డు బయటే ఉంది. నేను సెలవు దొరికినప్పుడల్లా పోయేదాన్ని. ముందు వేలు కదిలింది, తర్వాత ఒక రెప్ప, ఆ తర్వాత గొట్టం తీశారు. నేను పోయిన రోజు ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. గొంతు గరగరమంటోంది. పెద్దబాపు కూడా వచ్చాడు, బత్తాయిల సంచి పట్టుకుని.

"బావా," అంది ఆమె నెమ్మదిగా. "నువ్వు ఆటో మల్పుమన్నది ఇన్న."

ఆయన సంచి కింద పెట్టాడు. సారు చెప్పాడు, వింటుందని. చెప్పినప్పుడు నమ్మాననే అనుకున్నాను. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి వినేదాకా నేను నమ్మలేదని అప్పుడు తెలిసింది.

"అన్ని ఇన్న. పోయింది అంటిరి. పోలే అని అందామంటే నోరు లేదు. కండ్లు తెరుద్దామంటే రెప్ప లేస్తలేదు. మీదికెల్లి మన్ను పోసినట్టు ఉండె. ఇగ పోతేమాయె అనిపిచ్చింది మేడం, నిజంగ. గప్పుడు గీ పోరి..." పిల్ల జడ పట్టుకుని లాగింది. "చెవులుంటయానే, చెవులుంటయానే అని ఒక్కటే తీర్గ. జవాబు చెప్పకుంటే ఇడ్సిపెట్టదు గది. ఎట్లనన్న లేసి చెప్పాలె అని గట్లనే పట్టుకోని ఉన్న."

నాకు ఏడుపు ఆగలేదు. పదిమందిలో కళ్ళనీళ్ళు పెట్టుకునే అలవాటు నాకు లేదు, అయినా ఆగలేదు. ముఖం తుడుచుకోవడానికి ఏదో ఒక పని కావాలని ఫోన్ తీసి, పాముల సారుకు వీడియో కాల్ కలిపాను. తెర మీద ఆయన కనపడగానే ఆమె కొంగు సర్దుకుని దండం పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"సార్," అంది ఆమె, "ఆ దినం మీ కార్యక్రమంల మా పిల్ల అడగవల్సిన ప్రశ్న ఉండిపోయింది. నేను అడుగుత. పాముకు చెవులుంటయా?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "బయటికి కనపడవమ్మా. చూసేవాళ్ళకు అసలు లేవనే అనిపిస్తుంది. కానీ లోపల ఉంటాయి. అది వింటుంది."

ఆమె పిల్ల వైపు చూసింది, తర్వాత తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డ బావగారి వైపు చూసింది.

"అట్లనా," అంది. "అయితే ఆటోల నా లెక్కనే సార్."